పేరు తెలియని బొమ్మలు

బాల్యంలో ఒకసారో రెండుసార్లో చూచి, పేరు తెలియక, కథ తెలియక, ఒక్క దృశ్యం మాత్రం కంటిలో నిలిచిపోయిన టెలివిజన్ బొమ్మను నడివయస్సులో వెతుక్కునే వారు ఈనాడు అన్ని దేశాలలోను కనిపిస్తున్నారు. పూర్వం తాత చెప్పిన కథలో సగం మరచినవాడు మరొక తాతను అడిగేవాడు. ఆ కథకు కర్త లేడు గనుక ఎవరు పూర్తి చేసినా అది పూర్తి అయినట్లే. తోలుబొమ్మలాట సంగతీ అంతే. ఈ ఊరిలో నిద్రమత్తులో జారవిడుచుకున్న ఘట్టాన్ని మరుసటి ఏడు పొరుగూరిలో చూడవచ్చు. టెలివిజన్ విషయం వేరు. అందులో వచ్చినది ఫలానా రోజున, ఫలానా వేళకు, ఫలానావారు తయారు చేసిన ఒకే ఒక వస్తువు. అది దొరికితే దొరికినట్లు. లేకుంటే, చూచినవానికి తాను చూచినది నిజమో కలయో తేల్చుకునే దారి లేదు.

ఈ వెతుకులాటలో తెలుగువారి పాలు కొంత విచిత్రమైనది. సాధారణంగా కొత్త యంత్రం ఏదైనా ముందు పట్నానికి వచ్చి, పట్నవాసులకు పాతబడిన తరువాత పల్లెకు చేరుతుంది. టెలివిజన్ మాత్రం తెలుగునాట ముందు పల్లెకే వచ్చింది. హైదరాబాదులో ప్రసారాలు మొదలైనది 1977లో. అంతకు రెండేండ్ల ముందే, 1975 ఆగస్టు 1న, నాటి ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని వందల పల్లెలలో టెలివిజన్ పెట్టె వెలిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ ‘నాసా’ తన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాదిపాటు భారతదేశానికి ఎరవిచ్చింది. దాని సహాయంతో ‘ఇస్రో’, ఆకాశవాణి కలిసి ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపాయి. ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగమని దాని పూర్తి పేరు, వాడుకలో ‘సైట్’. విక్రం సారాభాయి కన్న కలలలో ఇది ఒకటి. 1971లోనే కన్నుమూసిన ఆయనకు దీనిని చూచే యోగం లేకపోయింది.

ఆ ఏర్పాటు ఎంత నిరాడంబరమైనదో చెప్పుకోదగినది. పది అడుగుల వెడల్పు గల ఒక గొడుగు, దానికి కోళ్ళగూటికి వేసే తీగెల వల, దానినుంచి ఒక తీగె, ఆ తీగె చివర నలుపు తెలుపుల పెట్టె. పెట్టెలను తయారు చేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. తెలుగు కార్యక్రమాల నిర్మాణానికి కేంద్రం కూడా హైదరాబాదే. అనగా నగరం తాను చూడని బొమ్మలను పల్లెలకు తయారు చేసి పంపినదన్నమాట! ఉదయం వేళ ఐదేండ్లు మొదలు పన్నెండేండ్ల వరకు వయస్సుగల బడిపిల్లలకు పాఠాలు, ఆటలు, కథలు. ఒక్కొక్క భాషకు 22½ నిమిషాలు. సాయంకాలం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, వినోదం. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ కూడా ఆ ఉపగ్రహం ద్వారానే సాగింది. 1976 జూలై 31తో గడువు తీరింది. ఉపగ్రహం మళ్ళీ అమెరికా వైపు తరలిపోయింది. 1977లో వెలసిన హైదరాబాదు కేంద్రపు ప్రసారాలు అందిన పల్లెలకు బొమ్మ తిరిగి వచ్చింది. అందని పల్లెలలో పెట్టె మూగబోయింది.

నాడు ఐదేండ్ల పిల్లలు నేడు యాభైయైదు దాటినవారు. పన్నెండేండ్లవారు అరవై దాటారు. ఒక్క ఏడాది మాత్రమే చూచిన ఆ బొమ్మలలో ఏదో ఒకటి వారిలో ఎవరికైనా గుర్తు వచ్చిందనుకుందాం. ఆనవాలు ఎట్లా కట్టాలి? పేరు తెలియదు. ఎందుచేతనంటే, బడిలో బల్ల మీద పెట్టె ఉండడమే నాడు మహాద్భుతం. అందులో ఏమి వచ్చినదన్నది ఆ అద్భుతం తరువాతి మాట. కొత్తగా రైలెక్కిన పిల్లవానికి రైలు గుర్తుంటుంది గాని స్టేషన్ల పేర్లు గుర్తుండవు గదా. ప్రయోగం జరుగుతున్నప్పుడు పరిశోధకులు పల్లెలలో నివసించి, పిల్లల భాష ఎంత మెరుగుపడింది, హాజరు పెరిగిందా, రైతు ఏమి నేర్చాడు అని విపులంగా విచారించారు. యాభై ఏండ్ల తరువాత ఏ బొమ్మ మనస్సులో నిలుస్తుందన్నది వారి ప్రశ్నలలో చేరే విషయం కాదు.

చిక్కు ఇక్కడితో ఆగదు. పల్లెలో 1976లో చూచిన బొమ్మ, బంధువుల ఇంట 1978లో హైదరాబాదు కేంద్రం నుంచి చూచిన బొమ్మ, 1980ల్లో ఇంటికి సొంత పెట్టె వచ్చిన తరువాత చూచిన బొమ్మ—ఈ మూడూ మనస్సులో ఒకే అరలో పడి ఉంటాయి. వాటిని విడదీయడానికి కొన్ని ఆధారాలు లేకపోలేదు. భారతదేశంలో రంగుల ప్రసారాలు ఆరంభమైనది 1982లో. కనుక ‘బడిలో ఉపగ్రహం పెట్టెలో ఎర్ర చొక్కా తొడుక్కున్న కోతిని చూచాను’ అని ఎవరైనా అంటే, ఆ కోతి అయినా తరువాతి కాలానిది కావాలి, లేదా చొక్కాకు ఎరుపును చూచినవారి మనస్సే అద్ది ఉండాలి. రెండవది అబద్ధం కాదు. జ్ఞాపకం చేసే పనియే అది.

కేంబ్రిడ్జిలో బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1932లో ప్రకటించిన గ్రంథంలో ఇందుకు ప్రసిద్ధమైన దృష్టాంతం ఉన్నది. అమెరికా ఆదివాసుల కథనొకదానిని ఆయన ఆంగ్ల విద్యార్థుల చేత చదివించి, కొంతకాలం గడిచాక తిరిగి చెప్పించాడు. కథలోని దోనె మామూలు పడవ అయినది. సీలు జంతువుల వేట చేపల వేటగా మారినది. వారికి అర్థంకాని భాగాలు జారిపోయినవి. వారు మరచిపోలేదు, తమకు తెలిసిన లోకానికి అనువుగా కథను దిద్దుకున్నారు. చూచినదానిని పెట్టెలో పెట్టి తాళం వేసినట్లు మనస్సు దాచదు. అడిగిన ప్రతిసారీ దొరికిన ముక్కలతో మళ్ళీ అల్లుతుంది. అల్లిక తెగినచోట ఇరుగుపొరుగు నుంచి నూలు తెచ్చుకుంటుంది.

అట్లాగని బాల్యస్మృతిని పూర్తిగా కొట్టివేయనూ రాదు. అమెరికాలో ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల కార్యక్రమంలో 1970ల రెండవ సగంలో ఒక చిన్న బొమ్మ వచ్చేది. పడకపై ఉన్న పాపకు గోడ సున్నంలోని పగుళ్ళు ఒంటెగా, కోతిగా, కోడిగా కనబడతాయి. వాటితో కలిసి పోతుండగా పగుళ్ళతోనే ఏర్పడిన ఒక దుష్టరూపం ఎదురై, చివరకు తానే పగిలి రాలిపోతుంది. ఆ తరువాత అది ప్రసారం కాలేదు. పెద్దవారైన ప్రేక్షకులు కొందరు ‘గోడలోని ఆ రూపాన్ని చూచి నిద్రపట్టేది కాదు’ అని చెప్పుకుంటూ ఏండ్ల తరబడి వెతికారు. వినేవారిలో నమ్మినవారు తక్కువ. 2013లో ఆ బొమ్మ ప్రతి బయటపడింది. ఒంటె ఉన్నది, కోతి ఉన్నది, కోడి ఉన్నది, పగిలిపోయే రూపమూ ఉన్నది. పసివాండ్ర మాట నిజమైనది.

దీనికి సరిగా ఎదురు దృష్టాంతమూ ఆ దేశంలోనే ఉన్నది. సింబాద్ అనే హాస్యనటుడు సీసాలోని భూతం వేషం వేసిన ‘షజామ్’ అనే చిత్రాన్ని 1990ల్లో చూచామని ఎందరో గట్టిగా చెబుతారు. అట్టి చిత్రం ఎన్నడూ లేదు. 1996లో వచ్చిన ‘కజామ్’ అనే మరొక చిత్రంలో బాస్కెట్‌బాల్ ఆటగాడు షకీల్ ఓనీల్ ఆ తరహా భూతంగా నటించాడు. సింబాద్ ఒకసారి టెలివిజన్‌లో నావికుని చిత్రాలకు వ్యాఖ్యాతగా వేషం కట్టుకొని కనిపించాడు. నటుని పేరే అరేబియా కథలలోని పేరు. ఈ ముక్కలన్నీ కలిసి లేని చిత్రానికి ప్రాణం పోశాయి. గమనింపదగినదేమంటే, పగుళ్ళ బొమ్మను వెతికినవారు, ఈ భూతాన్ని వెతికినవారు ఒకే స్వరంతో, ఒకే నిశ్చయంతో మాట్లాడారు. మాటలో ధీమాను బట్టి నిజం తేలదు. తేల్చినది బయటి ఆధారం: మొదటిదానికి ప్రతి దొరికింది, రెండవదానికి ఆ కాలపు చిత్రాల జాబితాలలో ఎక్కడా స్థానమే లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావలసి ఉన్నది. తెలుగుపల్లెలలో ఆ ఏడాది చూచినవారు తమ జ్ఞాపకాన్ని ఏ ఆధారంతో సరిచూచుకోవాలి?

బొమ్మలను చెరిపివేసిన పాపం ఒక దేశానిది కాదు. బ్రిటన్‌లో బి.బి.సి. సంస్థ 1978 వరకు తన పాత కార్యక్రమాలను యథేచ్ఛగా చెరిపింది. వీడియో టేపు ఖరీదైనది, తిరిగి వాడుకోదగినది; చెరిపి మరొకటి నింపితే ఆదా. మళ్ళీ ప్రసారం చేయని బొమ్మను దాచడమెందుకని నాటివారి తర్కం. ఆ తర్కం ఫలితంగా 1963లో ఆరంభమైన ‘డాక్టర్ హూ’ అనే పిల్లల, పెద్దల అభిమాన ధారావాహికలో మొదటి ఆరేండ్ల 253 భాగాలకు గాను తొంభైకి పైగా నేటికీ దొరకలేదు. కాగా ఆ లేని భాగాలన్నిటి ధ్వని మాత్రం ఉన్నది! టెలివిజన్ ముందు టేపురికార్డరు పెట్టుకొని కుర్రవాండ్రు ఇంట్లో ఎక్కించుకున్నది అది. కోటానుకోట్ల సంస్థ పారవేసినదానిని పిల్లలు దాచారు. విదేశాలకు అమ్మిన ప్రతులు కొన్ని ఆయా దేశాలలో మిగిలాయి. నైజీరియాలోని జోస్ పట్టణంలో దొరికిన తొమ్మిది భాగాల సంగతి 2013లో ప్రకటించారు. ‘నాసా’ సైతం ఈ విషయంలో తీసిపోలేదు. చంద్రునిపై మానవుడు తొలిసారి కాలు మోపిన దృశ్యం నమోదైన మూల టేపులు చెరిపి తిరిగి వాడినవాటిలో కలిసిపోయి ఉంటాయని ఆ సంస్థ 2009లో ఒప్పుకున్నది. ప్రపంచమంతా చూచిన దృశ్యం గనుక ప్రసార ప్రతులు మిగిలాయి. పల్లెటూరి బడిలో చూచినదానికి అట్టి అదృష్టం ఉండదు.

మనదేశంలో దూరదర్శన్ తొలినాళ్ళ కార్యక్రమాలలో అనేకం లభ్యం కావు. దొరికేవి పేరుమోసినవి. 1987–88లో వచ్చిన ‘రామాయణ్’ 2020 మార్చిలో, కరోనా కారణంగా దేశమంతా ఇండ్లలో ఉన్న వేళ, మళ్ళీ ప్రసారమైనది. ముప్పై ఏండ్ల క్రితం చూచినవారు తమ జ్ఞాపకాన్ని బొమ్మతో పోల్చుకునే అపురూపమైన అవకాశం అది. 2024 నవంబరులో ప్రసారభారతి ఆరంభించిన ‘వేవ్స్’ వేదికలోను పాత ధారావాహికలు చోటు చేసుకున్నాయి. సంతోషించదగినదే. అయితే ఎవరూ మరువని బొమ్మలను దాచడం సులభం. వెతుక్కునేవారికి కావలసినవి మధ్యాహ్నం వేళ, పావుగంట వ్యవధిలో వచ్చిపోయిన చిల్లర బొమ్మలు.

చిల్లర బొమ్మలలోనూ బ్రతికినది ఒకటున్నది. పక్షులన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోయే కథను ఒక అక్క పిల్లలకు చెప్పే హిందీ బొమ్మ పాట గుర్తులేని ఆనాటి ప్రేక్షకులు అరుదు. దానిని అందరూ పాటలోని పక్షి పేరుతోనే పిలుస్తారు. అసలు పేరు ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’. 1974లో ఫిల్మ్స్ డివిజన్ నిర్మించినది. రూపొందించినది విజయా ములే. దేశమంతా ఎరిగిన బొమ్మకే పేరు ఇట్లా మరుగునపడితే ఇతర బొమ్మల గతి ఊహించవచ్చు. ‘జంగిల్ బుక్’ మరొకటి. హిందీలో గుల్జార్ పాట, విశాల్ భరద్వాజ్ బాణీ విన్న పిల్లలకు అది మన అడవి, మన మౌగ్లీ. నిజానికి 52 భాగాల ఆ బొమ్మ 1989–90లో జపాను దేశంలో నిప్పన్ యానిమేషన్ సంస్థ తయారుచేసినది.

తెలుగు పిల్లవానికి ఇందులో అదనపు కష్టం ఒకటి ఉన్నది. 1982 తరువాత జాతీయ కార్యక్రమాలు ఇంటింటికీ హిందీలో వచ్చాయి. హిందీ రాని పిల్లలు వాటిని కళ్ళతో చూచారు, బాణీతో గ్రహించారు. మాట చెవిలో పడి జారిపోయింది. మాట లేని జ్ఞాపకానికి పేరు లేదు, పేరు లేనిదానిని ఎవరినీ అడగలేరు. బాణీ కూనిరాగం తీసి, చేతులతో గాలిలో ఆకారం గీసి, ‘ఇట్లా ఒకడుండేవాడు’ అని చెప్పే పెద్దమనుషులను చూచి పిల్లలు నవ్వితే నవ్వవచ్చు. వారు మరచిపోయినవారు కారు. మొదటనే సగం అందినవారు.

ఈ స్థితిలో బొమ్మలన్నీ తిరిగి రావాలని కోరడం వృథా. చెరిగినది చెరిగినది. కాని బొమ్మ పోయినా దాని పేరు, తేదీ, వేళ మిగలవచ్చు. వెతికేవానికి సగం బలం అదే. బి.బి.సి. బొమ్మలను చెరిపింది గాని 1923 నుంచి ‘రేడియో టైమ్స్’ పత్రికలో అచ్చయిన కార్యక్రమాల జాబితాలు మిగిలాయి. 2009 వరకు గల ఆ జాబితాలను 2014లో అందరికీ అందేటట్లు పెట్టారు. ఒక ఆంగ్లేయునికి ఐదేండ్ల వయస్సున చూచిన బొమ్మ ఉనికిలో లేకపోయినా, అది ఉండేదని చూపే పంక్తి దొరుకుతుంది. దూరదర్శన్ కార్యక్రమాలకు గాని, సైట్ ప్రయోగంలో తెలుగు పిల్లలకు పంపిన ఉదయపు పాఠాలకు గాని, దినదినం వారీగా ప్రజలు తెరచి చూచుకోదగిన అటువంటి ఏకసూచిక లేదు. టేపులు దాచడానికి చల్లని గదులు, యంత్రాలు, ధనం కావాలి. జాబితాకు కావలసినది కాగితం, ఓపిక. ఖరీదైనది పోయిందని విలపించే దేశంలో చవకైనది కూర్చకపోవడానికి సమర్థన కనిపించదు.

కూర్చడానికి ముడిసరుకు బొత్తిగా లేకపోలేదు. ఆనాటి దినపత్రికలు గ్రంథాలయాలలో ఉన్నాయి. వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోట్ల పాత సంచికలు దాచిన సంప్రదాయం శతాబ్దం నాటిది. ప్రయోగ సమయపు నివేదికలు అచ్చయినవి ఉన్నాయి. వీటన్నిటికంటె తొందరగా తరిగిపోతున్న ఆధారం మనుష్యులు. ఒకే దృశ్యానికి రెండు భాషల ధ్వని జోడించి పంపే వీలు ఆ ఉపగ్రహానికి ఉండేది. కావున మహబూబ్‌నగర్ వైపు మనిషికి గుర్తున్న బొమ్మకు మిగిలిన సగం సరిహద్దు దాటిన కన్నడ గ్రామంలో ఎవరికైనా గుర్తుండవచ్చు.

అయితే అడిగే పద్ధతి తెలియాలి. ఇందుకు 1974లో అమెరికాలో లాఫ్టస్, పామర్ చేసిన పరీక్షను విద్యార్థులు గుర్తుంచుకోదగును. కార్లు ఢీకొన్న దృశ్యాన్ని చూపి, కొందరిని ‘తగిలినప్పుడు’ ఎంత వేగంగా పోతున్నవని, కొందరిని ‘నుజ్జుగా గుద్దుకున్నప్పుడు’ ఎంత వేగంగా పోతున్నవని అడిగారు. వారం తరువాత ‘పగిలిన గాజు చూచారా?’ అని ప్రశ్నించారు. దృశ్యంలో గాజు పగలనే లేదు. మొదటి మాట విన్న 50 మందిలో 7 మంది, రెండవ మాట విన్న 50 మందిలో 16 మంది చూచామన్నారు. ఒక్క క్రియాపదం చేసిన పని అది. కనుక ‘ఆ బొమ్మలో కుందేలు ఉండేది కదూ?’ అని అడిగితే కుందేలు వచ్చి కూర్చుంటుంది. ‘ఏమి కనబడింది? ఏ తరగతిలో ఉన్నారు? పక్కన ఎవరు కూర్చున్నారు? పెట్టె ఎక్కడ ఉండేది?’ అని అడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసుకొని, ఇద్దరి సాక్ష్యాలను కలిపి కూర్చోబెట్టకుండా వేరువేరుగా తీసుకొనడం మేలు. ఈ రోజులలో కృత్రిమ మేధ యంత్రాన్ని అడిగేవారు ఎక్కువైనారు. అది ‘తెలియదు’ అని చెప్పడం తక్కువ. ఇంపైన ఒక పేరు, ఒక కథ అల్లి ఇవ్వడం ఎక్కువ. మరునాటికి ఆ కథ వినినవాని సొంత జ్ఞాపకమై కూర్చుంటుంది. సాక్ష్యం సేకరించక ముందే సాక్షిని చెడగొట్టినట్లవుతుంది.

1975లో ఉదయం వేళ గొడుగును సరిచేసి, పెట్టె మీట నొక్కి, పిల్లలను వరుసలో కూర్చోబెట్టిన ఉపాధ్యాయులలో అప్పటికి పాతికేండ్లవారు సైతం ఇప్పుడు డెబ్బైయైదు దాటారు. ప్రతి ఉదయం చూచినది, పిల్లల కంటె నిలకడగా చూచినది వారే. ఏ పాఠం వచ్చినదో, ఏ రోజు బొమ్మ రాక పిల్లలు నిరాశతో లేచిపోయారో వారిలో కొందరైనా హాజరుపట్టీ అంచున వ్రాసి ఉండవచ్చు. పదవీ విరమణ నాడు బడి బీరువాలో వదలి వచ్చిన ఆ పుస్తకాలలో ఎన్ని చెదలకు దక్కినవో, ఎన్ని మిగిలినవో, ఆయా బడులలో నేడు పనిచేస్తున్నవారు బీరువా తెరచి చూస్తే గాని తెలియదు.